పెట్టె మీద ‘కారు’ అని రాసినంత మాత్రాన కారు పార్టు అయిపోదు

సుంకాల శీర్షికకు మామూలుగా బంగారం, ల్యాప్‌టాప్ ప్రశ్నలే వస్తాయి. ఈసారి మాత్రం కోఠి, అబిడ్స్, రాణిగంజ్ వాళ్లంతా కూడబలుక్కున్నట్టు ఒకటే అడిగారు, ఫోన్లో పాట కారులో వినిపించే సామాన్లు బయటి దేశం నుంచి తెప్పిస్తే కస్టమ్స్‌కి ఏ టారిఫ్ కోడ్ (సరుకు రకాన్ని బట్టి సుంకం తేల్చే అంకె) కింద చూపించాలని. సరే, ఈ నెల పేజీ మొత్తం దానికే.

ప్రశ్న: గుజరాతీ గల్లీలో మాకు కారు ఆడియో సామాన్ల హోల్‌సేల్ షాపు ఉంది. ఇన్నాళ్లూ ముంబై పార్టీల దగ్గర కొనేవాణ్ణి, మొదటిసారి సొంతంగా చైనా నుంచి తెప్పించాను. ఇన్వాయిస్‌లో అన్నిటికీ కలిపి ‘కారు ఆడియో యాక్సెసరీస్’ అని ఒకటే లైను, కోడ్ 8708, అది సప్లయర్ వేసిందే. సరుకు సనత్‌నగర్ డిపోలో ఉంది, ఆఫీసరు క్వెరీ వేశారు, ఒక్కో ఐటమ్ విడివిడిగా చెప్పమంటున్నారు. కారులో వాడేది కారు పార్టు కాక మరేంటి సార్? రోజూ డిమరేజ్ (డిపోలో సరుకు ఉంచినందుకు అద్దె) పడుతోంది, టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు. – కోఠి వ్యాపారి

జవాబు: ముందు ఆ ఆఫీసరు మీద కోపం తగ్గించుకోండి, ఆయన అడిగింది న్యాయమే. 8708 అంటే మోటారు వాహనాల విడిభాగాలు, యాక్సెసరీలు. పేరు చదివితే మీ సరుకంతా అందులోనే పడాలనిపిస్తుంది, నిజమే. కానీ టారిఫ్‌లో వాహనాలుండే 17వ సెక్షన్ మొదట్లో కొన్ని నోట్స్ ఉంటాయి, వాటిని మన వాళ్లు ఎవరూ చదవరు. రెండో నోటులో ‘ఎఫ్’ అంశం చూడండి: 85వ చాప్టర్‌లోకి వచ్చే ఎలక్ట్రికల్ సామాను, అది వాహనం కోసమే చేసిందని చూడగానే తెలిసిపోతున్నా సరే, విడిభాగం కింద లెక్క కాదు. అంతెందుకు, కారు రేడియోనే తీసుకోండి. బయటి కరెంటు లేనిదే పనిచేయని, మోటారు వాహనాల్లో వాడే రకం రేడియోలు అని పేరు పెట్టి మరీ 8527 21, 8527 29 ఇచ్చారు. డ్యాష్‌బోర్డులో స్క్రూలు పెట్టి బిగించే రేడియోకే 8708లో చోటు లేనప్పుడు, లైటర్ సాకెట్‌లో గుచ్చి సాయంత్రానికి పీకి జేబులో వేసుకునే ముక్కకి ఎక్కడిది?

నేను కూడా ఈ గోతిలో పడి లేచినవాణ్ణే. కస్టమ్స్ బ్రోకరు ఆఫీసులో చేరిన కొత్తలో ఇలాంటి సరుకే ఒకటే లైనులో కొట్టేసి, పని అయిపోయిందని ఇరానీ చాయ్ తాగడానికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి షెడ్‌లో డబ్బా తెరిచి ఉంది. ఆఫీసరు ఒక ముక్క నా చేతిలో పెట్టి, ఇదేంటో చెప్పు అన్నారు. బొటనవేలంత ఉంది. కొసన స్ప్రింగు, దాని వెనక చిన్న గాజు ఫ్యూజు, పక్కన రెండు రేకు పట్టీలు. తల మీద 87.5 అని ఎర్రగా వెలిగే తెర, రెండు యూఎస్‌బీ రంధ్రాలు, మెమరీ కార్డు దూర్చే సందు, ఫోన్ ఎత్తే బటన్. కారు ఆడియో యాక్సెసరీ సార్ అన్నాను. అది ఎక్కడ పెడతారో చెప్పావు, ఏంటో చెప్పలేదు అన్నారాయన. ఆ తర్వాత ప్రతి శాంపిలూ విప్పి చూసుకునే రాశాను.

మీరు పంపిన జాబితా పట్టుకుని ఒక్కోటి చూద్దాం. డబ్బా లేకుండా వచ్చే 6 అంగుళాల గుండ్రటి స్పీకర్లు, 6 బై 9 అండాకారపు స్పీకర్లు 8518 29లోకి వెళ్తాయి. అదే స్పీకరు ఒక్కటే డబ్బాలో బిగించి వస్తే, అంటే మన కుర్రాళ్లు డిక్కీలో వేసుకుని గల్లీ అదరగొట్టే బాస్ ట్యూబు లాంటిదైతే, 8518 21. ఆంప్లిఫయర్ 8518 40. రెండు చివర్లా పిన్నులున్న ఆక్స్ వైరు 8544 42, దాంట్లో వాదించడానికేమీ లేదు. కారు చార్జర్ చేసే పని 12 వోల్టుల డీసీని 5 వోల్టుల డీసీగా మార్చడం, కాబట్టి స్టాటిక్ కన్వర్టర్, 8504 40. బ్లూటూత్‌తో పాట అందుకుని ఆక్స్ రంధ్రంలోకి పంపే చిన్న రిసీవర్‌ని నేనైతే 8517 62లో, అంటే మాటా పాటా పంపి అందుకునే పరికరాల్లో పెడతాను. ఫోన్ హోల్డర్ ప్లాస్టిక్‌దైతే 3926 90. అయస్కాంతంతో పట్టుకునే రకమైతే మాత్రం 8505 చూడండి, అయస్కాంతపు పట్టీలు, క్లాంపులు అక్కడ పేరు పెట్టి ఉన్నాయి.

ఇక అసలు లొల్లి ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్‌తోనే, ఆ రోజు ఆఫీసరు నా చేతిలో పెట్టిన ముక్క ఇదే. ఐపాడ్ రోజుల్లో ఇది సాదా సరుకు: వైరుతో పాట తీసుకుని, ఖాళీగా ఉన్న ఎఫ్ఎం స్టేషన్ మీద వదిలేది, కారు రేడియో దాన్ని పట్టుకునేది. అలాంటిదైతే ప్రసార పరికరం, 8525 50. ఇప్పుడొచ్చేది అలా లేదు, బ్లూటూత్ ఉంది, మైకు ఉంది, ఫోన్ మాట్లాడొచ్చు, చార్జింగ్ పెట్టొచ్చు. ఇలా నాలుగు పనులు చేసే యంత్రానికి, టారిఫ్‌లో యంత్రాలు, ఎలక్ట్రికల్ సామాను ఉండే 16వ సెక్షన్ మూడో నోటు ప్రకారం ముఖ్యమైన పని ఏదో అదే దిక్కు. చార్జింగ్ ముఖ్యం కాదు, దానికోసమే అయితే మామూలు చార్జర్ ఇంకా చవగ్గా వస్తుంది. ఫోన్ నుంచి బ్లూటూత్‌తో అందుకోవడం, మాట్లాడటం ముఖ్యమంటే 8517 62. రేడియో మీదికి వదలడమే ముఖ్యమంటే 8525. ఇక్కడ ఒక మెలిక ఉంది, 8517 హెడింగ్‌లోనే 8525, 8527 పరికరాలు ఇందులోకి రావని రాసి ఉంది. అయినా ఎటూ తేలకపోతే టారిఫ్ అర్థవివరణ నియమాల్లో 3(సి) ఉంది, సమానంగా పోటీపడే హెడింగుల్లో అంకెల వరసలో చివరిది తీసుకోవాలి, అంటే 8525. మాటలు మాట్లాడే వీలున్న మోడల్‌కి 8517 వాదన కూడా గట్టిదే, కేటలాగ్ దగ్గర పెట్టుకుని వాదించండి.

క్యాసెట్ అడాప్టర్ (పాత టేప్ ప్లేయర్‌లో క్యాసెట్‌లా దూర్చి ఫోన్ పాట వినేది) అని మీరు అడిగింది చూసి నవ్వొచ్చింది, ఇంకా కొంటున్నారా? పాత కార్ల పిచ్చి ఉన్నవాళ్లు కొంటారేమో. టేప్ ప్లేయర్ల వైపు ఉన్న 8522లో ‘విడిభాగాలు, యాక్సెసరీలు’ అని ఉంది, రేడియోల వైపు ఉన్న 8529లో ‘విడిభాగాలు’ అని మాత్రమే ఉంది. అడాప్టర్ లేకపోయినా టేప్ ఆడుతుంది కాబట్టి అది విడిభాగం కాదు, యాక్సెసరీ. అందుకని 8522 వైపే మొగ్గుతాను.

ఇప్పుడు చేయాల్సింది: ఐటమ్ వారీగా లైన్లు, ఒక్కోదానికి సంఖ్య, ధర, మోడల్ నంబరు, ఫొటో, కేటలాగ్ పేజీ. సరుకు బయటికి రాకముందే బిల్ ఆఫ్ ఎంట్రీని, అంటే దిగుమతి సరుకు వివరాలు రాసిచ్చిన కాగితాన్ని, సవరించమని కస్టమ్స్ చట్టం 149వ సెక్షన్ కింద అడగండి. ఒక్క ట్రాన్స్‌మిటర్ దగ్గరే పీటముడి పడితే 18వ సెక్షన్ కింద తాత్కాలిక మదింపు అడిగి, బాండ్ ఇచ్చి సరుకు విడిపించుకోండి, వాదన తర్వాత చేసుకోవచ్చు. డిమరేజ్ మాత్రం వాదన గెలిచినా వెనక్కి రాదు.

ప్రశ్న: అన్నా, సూటిగా అడుగుతున్నా. వీటన్నిట్లో తక్కువ సుంకం పడే కోడ్ ఏది? అన్నీ దాంట్లోనే వేసేస్తే ఏమవుతుంది? – అబిడ్స్, జగదీశ్ మార్కెట్

జవాబు: తమ్ముడూ, నువ్వు అడిగావు గానీ మనసులో అందరూ అడిగేది ఇదే. లెక్క చెప్తా విను. వంద రూపాయల సరుకు మీద బేసిక్ డ్యూటీ 10 శాతం అనుకుందాం. దాని మీద 10 శాతం సోషల్ వెల్ఫేర్ సర్‌చార్జి, అంటే ఇంకో రూపాయి. 111 మీద ఐజీఎస్టీ, అంటే దిగుమతి మీద పడే జీఎస్టీ, 18 శాతం, 19 రూపాయల 98 పైసలు. మొత్తం 30.98. అదే బేసిక్ 20 శాతమైతే 20, 2, ఆపైన 122 మీద 21.96, మొత్తం 43.96. వందకి 13 రూపాయల తేడా. అందులో ఐజీఎస్టీ నీకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే క్రెడిట్‌గా తిరిగొస్తుంది, కాబట్టి చేతిలోంచి నిజంగా పోయే తేడా 11 రూపాయలే.

ఇప్పుడు ఆ 11 రూపాయల కోసం ఏం మీద పెట్టుకుంటున్నావో చూడు. 2011 నుంచి సుంకం మనమే మదింపు చేసుకునే పద్ధతి, అంటే కోడ్ తప్పైతే నువ్వు వేసిన తప్పే, సప్లయర్ మీదికి నెట్టడం కుదరదు. మామూలు పొరపాటైతే రెండేళ్ల వెనక్కి వెళ్లి అడుగుతారు. కావాలని చేశావని తేలితే ఐదేళ్లు, ఆపైన 15 శాతం వడ్డీ, జరిమానా, సరుకు జప్తు. ఐదేళ్ల కింద అమ్మేసిన వైరు మీద ఇప్పుడు డ్యూటీ కట్టమంటే ఎవరి దగ్గర వసూలు చేస్తావు?

ఇంకోటి, రేటు కోడ్‌తోనే తేలిపోదు, నోటిఫికేషన్‌లో మాట కూడా చూడాలి. 2024 జూలై బడ్జెట్‌లో సెల్‌ఫోన్ చార్జర్ల మీద బేసిక్ డ్యూటీ 20 నుంచి 15కి తగ్గించారు. కారు సాకెట్‌లో పెట్టేదానికి అది వర్తిస్తుందా అన్నది ఆ నోటిఫికేషన్‌లో చార్జర్ గురించి ఏం రాశారో చదివితే తేలుతుంది గానీ, పక్క షాపాయన్ని అడిగితే తేలదు.

ప్రశ్న: మా ఆడిటరు సుప్రీంకోర్టు తీర్పు ఒకటి చూపించి, ఎలక్ట్రికల్ సామాను కూడా వాహన విడిభాగమే అవుతుందని చెప్పారు. మీరేమో ఎప్పుడూ కాదంటారు. – రాణిగంజ్

జవాబు: ఆయన చూపించింది వెస్టింగ్‌హౌస్ శాక్స్‌బీ ఫార్మర్ కేసు అయ్యుంటుంది, 2021 మార్చి తీర్పు. రైల్వే సిగ్నళ్లలో వాడే రిలేలు 85వ చాప్టర్‌లోకి రావు, రైల్వే సిగ్నల్ పరికరాల భాగాలే, 8608 అని కోర్టు చెప్పింది. ఆ రిలే సిగ్నల్‌కి తప్ప ఇంకెందుకూ వాడరన్నది అక్కడ ప్రధానమైన సంగతి. తీర్పు వచ్చాక ఆటో విడిభాగాల వాళ్లలో గందరగోళం లేచింది, 2022 జనవరిలో పరోక్ష పన్నుల బోర్డు ఆ ఒక్క తీర్పునే పట్టుకుపోకుండా నోట్స్, మిగతా తీర్పులు కూడా చూడమని తన ఆఫీసర్లకు సూచన ఇచ్చింది.

మీ ఆడిటరుకి 2020 మే నాటి యూనీ ప్రొడక్ట్స్ తీర్పు కూడా చూపించండి. అది కారు మ్యాట్ల గొడవ. అక్కడ డిపార్ట్‌మెంటే ఇవి కారు యాక్సెసరీలు, 8708 అంది, తయారీదారు కాదు, ఇవి కార్పెట్లే, 5703 అన్నాడు. కోర్టు తయారీదారు వైపే నిలిచింది. కారు కొలతలకి కోసిన మ్యాట్ కూడా మ్యాటే. మీ బ్లూటూత్ రిసీవర్‌కి రైల్వే రిలే కంటే ఆ మ్యాటే దగ్గరి చుట్టం, దాన్ని ఇంట్లో హోమ్ థియేటర్‌కి పెట్టినా పాడుతుంది కదా.

ప్రశ్న: రిసీవర్, ఆక్స్ వైరు, చార్జర్ మూడూ ఒకే రంగుల పెట్టెలో వస్తున్నాయి. మూడు లైన్లా, ఒకటా? – మలక్‌పేట

జవాబు: పెట్టె అలాగే, విప్పకుండా కస్టమర్ చేతికి వెళ్లేదైతే, మూడూ కలిసి ఒకే పనికి పనికొస్తే, నియమం 3(బి) ప్రకారం అది రిటైల్ సెట్టు. సెట్టుకి ప్రాణం ఏదో దాని కోడే మొత్తానికీ. మీ పెట్టెలో ప్రాణం రిసీవరే, వైరు తీసేస్తే ఇంకో వైరు కొనుక్కుంటారు, రిసీవరు తీసేస్తే పెట్టె కొనేవాడే ఉండడు. కాబట్టి ఒకటే లైను. అలా కాకుండా రిసీవర్లు ఒక కార్టన్‌లో, చార్జర్లు ఇంకో కార్టన్‌లో వచ్చి, మలక్‌పేటలో మీ కుర్రాళ్లు కూర్చుని పెట్టెల్లో సర్దుతుంటే అది సెట్టు కాదు, మూడు లైన్లు.

బ్లూటూత్ ఉన్న ప్రతి వస్తువుకీ కోడ్‌తో సంబంధం లేకుండా వైర్‌లెస్ అనుమతి సంగతి, బ్లూటూత్ స్పీకర్ల లాంటి వాటికి బీఐఎస్ (నాణ్యతా ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ సంగతి ఆర్డరు పెట్టకముందే తేల్చుకోండి. కోడ్ తప్పైతే డబ్బుతో పోతుంది, ఇవి లేకపోతే సరుకే ఆగిపోతుంది.

ప్రశ్న: నా కారు కోసం ఒకే ఒక్క ఆంప్లిఫయర్ విదేశీ సైటులో ఆర్డర్ పెట్టాను. 8518 40 అని నేను రాయాలా? – కూకట్‌పల్లి

జవాబు: అక్కర్లేదు. సొంత వాడకానికి కొరియర్‌లో, పోస్టులో వచ్చేది 9804 కింద పోతుంది, కోడ్ల గొడవ కొరియర్ వాళ్లే చూసుకుంటారు. గిఫ్ట్ అని రాయించి తప్పించుకుందామని మాత్రం చూడకండి, ఐదు వేల లోపు గిఫ్టుకి డ్యూటీ లేదన్న సౌకర్యం 2019 డిసెంబర్‌లోనే పోయింది.

ప్రశ్న: ముందే గవర్నమెంటుతోనే కోడ్ చెప్పించుకోవచ్చని విన్నాను. నిజమేనా? – సికింద్రాబాద్

జవాబు: నిజమే. దాన్ని అడ్వాన్స్ రూలింగ్ అంటారు, ఢిల్లీలో ఒకటి, ముంబైలో ఒకటి అథారిటీలున్నాయి, 2021 నుంచి నడుస్తున్నాయి. ఫీజు 10,000 రూపాయలు, మూడు నెలల్లో చెప్పాలని చట్టం. వచ్చిన రూలింగ్ కొన్నేళ్లు చెల్లుతుంది, ఈలోపు చట్టమో సరుకో మారకపోతే. అది అడిగిన మనిషికే పనికొస్తుంది, పక్కవాడి రూలింగ్ చూపించి నాకూ ఇదే అనడానికి లేదు, వాదనకి బలంగా వాడుకోవచ్చంతే. అమెరికా కస్టమ్స్ వాళ్ల రూలింగులు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి, ఐపాడ్ సామాన్లవి కూడా, చదవడానికి బాగుంటాయి, మన ఆఫీసరు మీద మాత్రం వాటికి అధికారం లేదు.

ఒక షరతుంది, మీ కేసులో అదే ప్రశ్న అప్పటికే ఏ ఆఫీసరు దగ్గరో, కోర్టులోనో నడుస్తుంటే అప్లికేషన్ తీసుకోరు. కాబట్టి పైన రాసిన కోఠి ఆయనకి ఇప్పుడిది దారి కాదు, మీరింకా ఆర్డరే పెట్టలేదు కాబట్టి మీకు దారి. శాంపిల్ ఒకటి తెప్పించి, విప్పి, లోపలి బోర్డు ఫొటో కూడా అప్లికేషన్‌కి జత చేయండి.