ఒక్క ‘కాదు’కి ఇన్ని రూపాలా?

ప్రశ్న: పాజిబుల్‌కి ఇంపాజిబుల్, లీగల్‌కి ఇల్లీగల్, రెగ్యులర్‌కి ఇర్రెగ్యులర్, కరెక్ట్‌కి ఇన్‌కరెక్ట్, లక్కీకి అన్‌లక్కీ... ఈ వ్యతిరేక పదాల పట్టిక ఎంత బట్టీ పట్టినా పరీక్ష హాల్లో అన్నీ కలిసిపోతున్నాయి. ఒకే అక్షరం ఎక్కడ రెండుసార్లు రాయాలో కూడా తెలియక టెన్షన్ పడుతున్నాను. సూత్రం ఏమైనా ఉందా?
– ఒక డిగ్రీ విద్యార్థిని

జవాబు: ముందు ఆ పట్టిక పక్కన పెట్టమ్మా. గైడ్లలో వీటిని వేటికవే వేరన్నట్టు అచ్చువేయడం నాకు బొత్తిగా నచ్చదు. నువ్వు రాసినవాటిలో మొదటి నాలుగింటికీ మూలం ఒకటే, లాటిన్ నుంచి వచ్చిన ‘ఇన్’. పక్కనున్న ధ్వనిని బట్టి అది రూపు మార్చుకుంది.

‘కంద’, ‘కంబళి’ పైకి అని చూడు. రెండింట్లోనూ మనం రాసేది సున్నే. ‘ద’ ముందు అది ‘న్’ అని పలుకుతుంది. ‘బ’ అనాలంటే పెదాలు ముందే మూసుకోవాలి కాబట్టి అక్కడ ‘మ్’ అవుతుంది. ఇంగ్లీషులో జరిగిందీ ఇదే. పి, బి, ఎం ముందు ‘ఇన్’ కాస్తా ‘ఇమ్’ అయింది: ఇంపాజిబుల్, ఇంబ్యాలెన్స్, ఇమ్మెచ్యూర్. ఎల్ ముందు ‘ఇల్’, ఆర్ ముందు ‘ఇర్’. ఉత్ + లాసం ‘ఉల్లాసం’ అవుతుందని సంధుల్లో చదువుకున్నావు కదా, ఇల్లీగల్ కూడా అలాంటిదే.

‘అన్’ మాత్రం ఇంగ్లీషు సొంత సొత్తు. ఏ అక్షరం ముందైనా మారదు: అన్‌పాపులర్, అన్‌రియల్, అన్‌లక్కీ.

మరి ఏ మాటకు ‘ఇన్’, ఏ మాటకు ‘అన్’? దీనికి పూర్తి సూత్రం లేదు, చదవగా చదవగా పట్టుబడుతుంది. ఒక ఆనవాలు మాత్రం చెబుతాను. ఈడీ, ఐఎన్‌జీ, ఫుల్‌లతో ముగిసే విశేషణాలకు ఎక్కువగా ‘అన్’ చేరుతుంది: అన్‌ఎక్స్‌పెక్టెడ్, అన్‌విల్లింగ్, అన్‌సక్సెస్‌ఫుల్. చాలామంది తడబడేది ఇంకోచోట. విశేషణం అన్‌ఏబుల్, కానీ నామవాచకం ఇనబిలిటీ. అలాగే అన్‌ఈక్వల్, ఇన్‌ఈక్వాలిటీ, అన్‌జస్ట్, ఇన్‌జస్టిస్. వీటిని జంటలుగానే నేర్చుకో.

స్పెల్లింగ్‌కి వేరే సూత్రం అక్కర్లేదు. మాటను విడదీసి చూడు. అన్ + నెసెసరీ, అందుకే మొదట్లో రెండు ఎన్‌లు. డిస్ + శాటిస్‌ఫైడ్‌లో రెండు ఎస్‌లు. డిస్ + అపాయింట్‌లో ఎస్ ఒక్కటే. రెండు పీలు ‘అపాయింట్’లో ఉన్నవే. మాట మధ్యలో ఏదీ పోదు, కొత్తగా ఏదీ వచ్చి చేరదు.

ఇంకొక్క మాట. ముందు ‘ఇన్’ కనబడగానే అది వ్యతిరేక పదం అనుకోకు. ఇన్‌వాల్యుబుల్ అంటే వెల కట్టలేనంత విలువైనది. డబ్బా మీద ‘ఇన్‌ఫ్లేమబుల్’ అని ఉంటే తేలిగ్గా అంటుకుంటుందని అర్థం. అది మంట పుట్టించడం అనే అర్థమున్న ‘ఇన్‌ఫ్లేమ్’ నుంచి వచ్చింది. మంట అంటుకోనిదాన్ని నాన్‌ఫ్లేమబుల్ అంటారు.