చివరి బెంచీలో కూర్చుంటే చదువు వెనకబడుతుందా?

"మా బాబు తొమ్మిదో తరగతి. క్లాసులో ఎప్పుడూ చివరి బెంచీలోనే కూర్చుంటాడు. ఈ ఏడాది మార్కులు కూడా తగ్గాయి. సారుకు చెప్పి ముందు బెంచీలోకి మార్పించమంటారా?" అని మహబూబ్‌నగర్ నుంచి ఒకమ్మ అడిగారు. నేను దేవరకొండ వైపు జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఈ సంగతి రోజూ కళ్లతో చూసేదే కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

కూర్చునే చోటుకూ చదువుకూ సంబంధం ఉందమ్మా. కాకపోతే ముందు కూర్చుంటే మార్కులు వస్తాయా, మార్కులు వచ్చే పిల్లలే ముందుకొచ్చి కూర్చుంటారా అన్నది తేల్చడం కష్టం. అమెరికాలో కొలరాడో యూనివర్సిటీలో కేథరిన్ పెర్కిన్స్, కార్ల్ వీమన్ అనే ఇద్దరు దీన్ని పరీక్షించి చూశారు. వీమన్ 2001లో ఫిజిక్స్‌లో నోబెల్ అందుకున్నాయన. దాదాపు రెండు వందల మంది ఉన్న ఫిజిక్స్ క్లాసులో ఎవరి సీటు వాళ్లను ఎంచుకోనివ్వకుండా లాటరీ తీసినట్టు కేటాయించారు. సెమిస్టర్ సగంలో ముందువాళ్లను వెనక్కి, వెనకవాళ్లను ముందుకు మార్చారు. అయినా మొదట్లో వెనక కూర్చున్నవాళ్లలోనే ఫెయిలైనవాళ్లు చాలా ఎక్కువగా తేలారు. 2005లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. అంటే మొదటి రోజుల్లో ఎక్కడ కూర్చున్నామన్నది తర్వాత కూడా వెంటాడుతుందన్నమాట. అది పెద్ద హాలు, నలభై మంది ఉండే మన గదికి ఉన్నదున్నట్టు వర్తించదు. కానీ మన గదుల్లో నాకు కనిపించే కారణం టీచరు చూపు.

బోర్డు దగ్గర నిలబడి పాఠం చెప్పేవాళ్ల కళ్లు ముందు వరస మీదకూ, మధ్య బెంచీల మీదకూ వెళ్తాయి. ప్రశ్నలు వాళ్లకే, జవాబులూ వాళ్లవే. ఆడమ్స్, బిడిల్ అనే పరిశోధకులు 1970లోనే ఈ మాట రాశారు. వెనక మూలన ఉన్న పిల్లవాడి వంతు రానే రాదు. వంతు రానప్పుడు వాడు వినడం కూడా మెల్లగా మానేస్తాడు.

ఇక పిల్లలు చోటు ఎంచుకుంటారంటాం గానీ, మా దగ్గర చాలామందికి అది బస్సు నిర్ణయిస్తుంది. ఊళ్లో ఉండేవాళ్లు పొద్దున్నే వచ్చి ముందు బెంచీల మీద సంచులు పెట్టేస్తారు. తండాల నుంచి ఆర్టీసీ బస్సులో వచ్చేవాళ్లు దిగేసరికి ప్రార్థన అయిపోతుంది, మిగిలేవి వెనక బెంచీలే. దసరా తర్వాత పత్తి ఏరడానికి వెళ్లి ఆలస్యంగా బడికి వచ్చే పిల్లలకైతే తలుపు పక్కన ఉన్నదే దిక్కు. జనవరి నాటికి టీచర్లు, పిల్లలు అందరూ వాళ్లను "వెనక బెంచోళ్లు" అని పిలవడం అలవాటు చేసుకుంటారు. నాకు ఇది చాలా బాధ కలిగించే విషయం. బుద్ధిగా చదివే పిల్లలకు కూడా బస్సు టైము వల్ల ఆ పేరు పడిపోతుంది.

ఇంకో సంగతి. తండా పిల్లలు ఇద్దరు ముగ్గురు కలిసే కూర్చుంటారు. ముచ్చట్లు పెడతారని విడదీస్తారు చాలామంది. పక్కన నిలబడి వినండి. బీజగణితంలో ఒక మెట్టు అర్థం కాకపోతే, అర్థమైనవాడు లంబాడీలో రెండు ముక్కల్లో చెప్పేస్తాడు, ఇవతలి వాడి పెన్ను మళ్లీ కదులుతుంది. ఆ జంటను విడదీస్తే ఆ సాయం పోతుంది. వాళ్లిద్దరినీ కలిపే ముందుకు జరపాలి. నేను వారం వారం వరసలు మారుస్తాను, జంటలను మాత్రం కదపను. లెక్క ఇచ్చాక నోట్సు చూడటం చివరి బెంచీ నుంచే మొదలుపెడతాను.

ఇప్పుడు మీ బాబు సంగతి. సారును కలిసే ముందు వాడి లెక్కల నోట్సు తీసి చూడండి. మా తొమ్మిదో తరగతిలో ఒక అమ్మాయి పద్ధతంతా సరిగ్గా రాసి జవాబు తప్పు తెచ్చేది. ఆమె నోట్సులో మైనస్ గుర్తులు ఉండేవి కావు, 8 ఉన్న చోట 3 ఉండేది. బోర్డు కనిపించక పక్కమ్మాయి నోట్సు చూసి రాసుకునేది. ఎవరితోనూ చెప్పలేదు. అద్దాలు వచ్చాక ఎక్కడ కూర్చున్నా ఇబ్బంది లేకపోయింది. మీ బాబు నోట్సులో కూడా అంకెలు తారుమారైతే, టీవీ దగ్గరికి వెళ్లి చూస్తుంటే, కళ్లు చిట్లిస్తుంటే ముందు కంటి పరీక్ష చేయించండి.

చూపు బాగుంటే వాడి పక్కన ఎవరు కూర్చుంటారో అడగండి, కోపంగా కాదు, మామూలుగా. స్నేహితుడి కోసమే అక్కడ కూర్చుంటున్నాడంటే భయపడాల్సిన పని లేదు, ఇద్దరినీ కలిపి ముందుకు జరపమని సారును అడగొచ్చు. "సార్ లేపి అడుగుతారు" అన్నాడంటే మాత్రం అసలు సమస్య బెంచీది కాదు. ఆరు, ఏడు తరగతుల్లో భిన్నాలో, రుణ సంఖ్యలో ఎక్కడో ఆగిపోయి ఉంటాడు. అలాంటి పిల్లవాడిని బలవంతంగా మొదటి బెంచీలోకి తెస్తే టెన్షన్ పెరుగుతుంది తప్ప లెక్క రాదు. ఇంట్లో రోజూ కాసేపు ఆ పాత లెక్కలు చేయించి, ధైర్యం వచ్చాక మూడో బెంచీ మధ్యలోకి రమ్మనండి. అక్కడికీ టీచరు చూపు అందుతుంది, అందరి ముందూ ఉన్నట్టు బెరుకూ ఉండదు.

సారుతో మాట్లాడేటప్పుడు "మావాణ్ణి ముందు కూర్చోబెట్టండి" అని కాకుండా, "వారానికి ఒకటి రెండు సార్లు వాడి నోట్సు చూడండి సార్, వాడికి రాగలిగిన ప్రశ్న ఒకటి అడగండి" అని చెప్పండి. నలభై మంది ఉన్న గదిలో ప్రతి అమ్మా ముందు బెంచీనే అడుగుతుంది, ఆ సారు దగ్గర ఉన్నవి నాలుగే. ఈ సాయమైతే ఏ సారూ కాదనరు.