గొడవ కర్ర గురించి కాదు

చిరంజీవి అబ్బాయికి, బాబాయి ఆశీస్సులు.

అన్నయ్య చేతికర్ర పట్టుకోనని భీష్మించుకున్నాడనీ, నువ్వు తెచ్చినదాన్ని బీరువా వెనక్కి తోసేశాడనీ ఫోనులో వాపోయావు. ఏమనుకోకు, నాకు నవ్వొచ్చింది. వినికిడి మిషను విషయంలో నేను వెలగబెట్టిందీ ఇదే.

మావాడు దాన్ని తెచ్చిన రోజున "నాన్నా, పొద్దున లేవగానే పెట్టుకోవాలి, పడుకునేదాకా తియ్యకూడదు" అన్నాడు. అప్పటిదాకా నాకూ కావాలనే ఉంది. ఆ మాట విన్నాక డబ్బాని సొరుగులో పడేసి తాళం వేశాను. ఇంట్లోవాళ్లంతా బయటికెళ్లాక తీసి పెట్టుకుని రేడియో వినేవాణ్ణి. గేటు చప్పుడవగానే మళ్లీ సొరుగులోకి. (ఆ చప్పుడు వినపడేదీ మిషను పుణ్యమే.) ముప్పై ఏళ్లు సైకాలజీ పాఠాలు చెప్పినవాణ్ణి, నా వేషం నాకు తెలుస్తూనే ఉంది. అయినా మానలేకపోయాను.

దీన్ని మా పాఠాల్లో రియాక్టెన్స్ అంటారు. జాక్ బ్రెమ్ అనే అమెరికా సైకాలజిస్టు 1966లో ఈ సిద్ధాంతం చెప్పాడు. ఒక పని చెయ్యడం, మానడం నా ఇష్టం అనుకుంటున్న మనిషి దగ్గర్నించి ఆ ఇష్టాన్ని లాక్కోబోతే, అది తిరిగి చేతికొచ్చేదాకా మనసు ఊరుకోదు. పోయే స్వేచ్ఛ ఎంత విలువైనదైతే పంతం అంత గట్టిది. దీంతోపాటు ఇంకేం పోతాయోనన్న అనుమానం తోడైతే మరీను. అన్నయ్య దగ్గర అసలు సంగతి ఆ అనుమానమే. ఇవాళ కర్ర, రేపు ఒంటరిగా గడప దాటొద్దనడం, ఎల్లుండి పాసుబుక్కు ఇలా ఇమ్మనడం. నువ్విచ్చింది ఒక్క కర్రే. ఆయనకి దాని వెనకాల వరసంతా కనిపిస్తోంది.

పైగా నువ్వు డాక్టర్నీ, మీ అత్తయ్యనీ, పక్కింటాయన్నీ కూడా తెచ్చి ఆయన మీదికి తోలావు. 1976లో పెన్నిబేకర్, శాండర్స్ అనే ఇద్దరు ఒక కాలేజీ మరుగుదొడ్లలో బోర్డులు పెట్టి చూశారు. కొన్నిటి మీద "ఎట్టి పరిస్థితుల్లోనూ గోడలపై రాయరాదు" అని, కొన్నిటి మీద "దయచేసి రాయకండి" అని. గట్టిగా చెప్పిన బోర్డుల మీదే రాతలు ఎక్కువ పడ్డాయి. కింద పెద్ద అధికారి హోదా ఉంటే ఇంకా ఎక్కువ. నీ డాక్టరుగారి పేరు చేసిన పని అదే.

ఇప్పుడేం చెయ్యాలంటావు. ముందు ఒక నెల కర్ర ఊసెత్తకు. బీరువా వైపు చూడను కూడా చూడకు, ఆయన గమనిస్తూ ఉంటాడు. తర్వాత ఎప్పుడైనా తీరిగ్గా కూర్చున్నప్పుడు "నడుస్తుంటే ఎక్కడ ఇబ్బందిగా ఉంటోంది నాన్నా?" అని అడిగి ఊరుకో. చెప్పినంతా విను. మధ్యలో "అందుకే కదా కర్ర" అన్నావంటే మళ్లీ మొదటికొస్తుంది.

ఆ తర్వాతే "పట్టుకుంటావా లేదా, నీ ఇష్టం" అనాలి. ఫ్రాన్సులో గెగెన్, పాస్కువాల్ అనేవాళ్లు దారినపోయేవాళ్లని బస్సు డబ్బులు అడిగి చూశారు. ఊరికే అడిగితే నూటికి పదిమంది ఇచ్చారు. ఇవ్వడం, ఇవ్వకపోవడం మీ ఇష్టం అని ఒక్క మాట కలిపితే సగానికి దగ్గరగా ఇచ్చారు. కానీ మన ఇళ్లల్లో "నీ ఇష్టం" అనే మాటకి రెండో అర్థం ఉంది, నీ ఖర్మ అని. ఆ గొంతుతో అంటే మాత్రం తిట్టినట్టే. వద్దంటే నిజంగా వద్దనే ఒప్పుకోవాలి. నల్లది కావాలా, గోధుమ రంగుది కావాలా అని అడిగి గడుసుతనం చూపించకు, మీ నాన్న నీకంటే రెండాకులు ఎక్కువే చదివాడు.

బండి తోలడం సంగతి వేరు. చూపు ఆనకపోతే అది ఆయన ఒక్కడి ఇష్టం కాదు, రోడ్డు మీద ఇంకా మనుషులుంటారు. అక్కడ నసగకు. "కుదిరితే మానెయ్" అని రోజూ గొణగడం కంటే, కారణం చెప్పి ఒక్కసారే తేల్చెయ్యడం నయం. తలుపు పూర్తిగా మూసుకుపోయిందని తెలిస్తే మనిషి సర్దుకుంటాడు, ఓరగా తెరిచి ఉంటేనే తోస్తూ ఉంటాడు.

నా కథకొస్తే, మావాడు చెప్పీ చెప్పీ విసిగి వదిలేశాడు. కొన్నాళ్లకి ఒక రాత్రి మిషను పెట్టుకునే భోజనానికి కూర్చున్నాను. ఎవరూ ఏమీ అనలేదు. "నేను చెప్పలా" అని ఒక్కరన్నా, అక్కడికక్కడే తీసి కంచం పక్కన పెట్టేవాణ్ణి. అన్నయ్య కర్ర పట్టుకుని గుమ్మం దాటిన రోజు నువ్వు పేపరు చదువుకుంటూ ఉండు. ఆనందం ఆగకపోతే నాకు ఫోను చెయ్యి, ఆయనకి వినపడకుండా.

మీ బాబాయి