డిలీట్ నొక్కే ముందు మీ డేటా కాపీ అడగండి

ఒక హెల్త్ యాప్‌లో అకౌంట్ తీసేశాక కూడా ఎప్పుడూ పేరు వినని కంపెనీల నుంచి మెయిల్స్ వస్తున్నాయనీ, వాటిని ఆపించే హక్కు చట్టంలో ఉందా అనీ అడిగారు. ఉంది. కాకపోతే ముందు ఏది అడగాలి, తర్వాత ఏది అడగాలి అన్నది చాలా ముఖ్యం. ఆ వరస తెలియక నేను నష్టపోయాను కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

నాకు చాలాకాలంగా మైగ్రేన్ ఉంది. ఐరోపాలో చదువుకునే రోజుల్లో తలనొప్పి ఎప్పుడొచ్చింది, ఏ మాత్ర వేసుకున్నాను, ఎన్ని గంటలు నిద్రపోయాను, నెలసరి తేదీలు, అన్నీ రెండేళ్ళ పాటు ఒక యాప్‌లో రాసుకున్నాను. డాక్టరుకి చూపించడానికి బాగా పనికొచ్చేది. కొన్నాళ్ళకి నిద్రలేమి సప్లిమెంట్ల గురించి, ఇన్సూరెన్స్ గురించి మెయిల్స్ మొదలయ్యాయి. టెన్షన్‌లో వెంటనే అకౌంట్ డిలీట్ చేసేశాను. మెయిల్స్ ఆగలేదు. నా వివరాలు ఎవరెవరికి ఇచ్చారో చెప్పమని యాప్ వాళ్ళకి రాస్తే, మీ పేరుతో మా దగ్గర ఇప్పుడు ఏ సమాచారమూ లేదని రెండు లైన్ల జవాబు వచ్చింది. అది అబద్ధమని కూడా అనలేను. నా రికార్డును నేనే చెరిపించాను. అది ఎటు వెళ్ళిందో చెప్పే ఆనవాలు కూడా దాంతోనే పోయింది. ఇంట్లోవాళ్ళకి కూడా చెప్పని విషయాలు అందులో ఉన్నాయి. ఆ రోజు చాలా బాధపడ్డాను.

మీరూ ఇప్పటికే డిలీట్ చేసేశారు కాబట్టి, నేను తర్వాత చేసినట్టే, వెనక నుంచి రావాలి. మెయిల్ పంపిన ప్రతి కంపెనీకీ విడిగా రాయండి. 'తీసేయండి' అని మొదటే అడగొద్దు. నేను రాసింది ఇంతే: "నా గురించి మీ దగ్గరున్న వ్యక్తిగత సమాచారం మొత్తం కాపీ ఇవ్వండి. అది మీకు ఎక్కడి నుంచి వచ్చింది, ఎందుకు వాడుతున్నారు, ఎంతకాలం ఉంచుతారు, ఇంకా ఎవరికి ఇచ్చారు, వాళ్ళ పేర్లతో సహా చెప్పండి." వాళ్ళ ప్రైవసీ పాలసీ చివర్లో ఒక ఈమెయిల్ అడ్రస్ ఉంటుంది, దానికే పంపాలి. కస్టమర్ కేర్ చాట్‌లో అడిగితే అన్‌సబ్‌స్క్రైబ్ లింక్ చేతిలో పెట్టి పంపేస్తారు.

ఇలా అడిగే హక్కు ఐరోపాలో జీడీపీఆర్ అనే డేటా రక్షణ చట్టం ఇస్తుంది. 2018 మే 25 నుంచి అమల్లో ఉంది. పౌరసత్వంతో పని లేదు, అక్కడ ఉంటున్నవాళ్ళ డేటాకి వర్తిస్తుంది, అందుకే విదేశీ విద్యార్థినైన నాకూ వర్తించింది. మామూలుగా డబ్బు కట్టక్కర్లేదు. నెలలోపు జవాబివ్వాలి. అభ్యర్థన చిక్కుగా ఉంటే ఇంకో రెండు నెలలు తీసుకోవచ్చు, కానీ ఆ సంగతి మొదటి నెలలోనే చెప్పాలి. నాకొక కంపెనీ 'మా మార్కెటింగ్ భాగస్వాములకు ఇస్తాం' అని మాత్రం రాసింది. అది సరిపోదు. ఎవరికి ఇచ్చారో పేర్లు చెప్పాల్సిందేనని ఐరోపా న్యాయస్థానం 2023 జనవరిలో ఆస్ట్రియా తపాలా సంస్థ కేసులో తేల్చింది. ఆ గ్రహీతలను గుర్తించడం సాధ్యం కానప్పుడో, అభ్యర్థన మరీ అసమంజసంగా ఉన్నప్పుడో మాత్రమే మినహాయింపు. ఆ తీర్పు ప్రస్తావించి మళ్ళీ రాశాక 26వ రోజున పేర్ల జాబితా వచ్చింది. నా డేటా యాప్ నుంచి నేరుగా కాక, మధ్యలో డేటా కొని అమ్మే ఒక సంస్థ ద్వారా వెళ్ళిందని అప్పుడే తెలిసింది. ఆ ఫైల్లో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది మాత్రం నేను ఎక్కడా రాయని మాటలు. 'ఒత్తిడిలో ఉన్న వ్యక్తి' అని వాళ్ళే ఊహించి నాకు ట్యాగ్ పెట్టారు. అలాంటి ఊహలు కూడా మీ వ్యక్తిగత సమాచారమే, వాటిని కూడా చూపించమని అడగండి.

కొందరు పాస్‌పోర్ట్ స్కాన్ పంపమంటారు. తొందరపడి పంపకండి. మీరెవరో అన్న విషయంలో నిజంగా అనుమానం ఉంటేనే అదనపు ఆధారం అడగాలి. వాళ్ళ దగ్గరున్న ఈమెయిల్ నుంచే మీరు రాస్తున్నారు కాబట్టి అది ఎందుకు చాలదో చెప్పమనండి.

కాపీ చేతికొచ్చాకే తీసేయమనండి. ప్రకటనలకు వాడొద్దని అభ్యంతరం చెబితే జీడీపీఆర్ కింద కారణం చెప్పక్కర్లేదు, ఆపి తీరాలి. పూర్తిగా చెరిపేయడం మాత్రం అన్నిసార్లూ కుదరదు, పన్నుల కోసం ఉంచాల్సిన బిల్లుల లాంటివి ఉంచుకుంటారు. డేటా తీసుకున్న మిగతావాళ్ళకి కూడా ఈ తొలగింపు సంగతి తెలియజేయమని అదే మెయిల్లో రాయండి, అది కూడా వాళ్ళ బాధ్యతే. జవాబు రాకపోతే ఆ దేశపు డేటా రక్షణ అధికార సంస్థకి ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు.

మీరు ఏ దేశంలో ఉన్నారో రాయలేదు. కాలిఫోర్నియాలో అయితే జవాబుకి గడువు 45 రోజులు. భారతదేశంలో గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది, 2023లో డేటా రక్షణ చట్టం వచ్చింది. మీ డేటాని ఎవరితో పంచుకున్నారో అడిగే హక్కు అందులోనూ ఉంది. నిబంధనలు 2025 నవంబరులో వచ్చినా, ఈ హక్కుల సెక్షన్లు అమల్లోకి రావడానికి అప్పటి నుంచి 18 నెలల గడువు పెట్టారు. ఆ తర్వాత కూడా ముందు కంపెనీకే ఫిర్యాదు చేసి, పని కాకపోతేనే ఆ చట్టం కింద ఏర్పడిన డేటా రక్షణ బోర్డుకి వెళ్ళాలి.

ఇంకొక్కటి. ఇప్పుడొస్తున్న మెయిల్స్‌ని విసుగొచ్చి చెరిపేయకండి. పంపినవారి అడ్రస్, తేదీ కనిపించేలా ఒక ఫోల్డర్‌లో పెట్టండి. యాప్ దగ్గర మీ రికార్డు లేదు కాబట్టి, మీ డేటా ఎవరి చేతికి వెళ్ళిందో చూపించడానికి మీకు మిగిలినవి అవే.