లైబ్రరీ మన ఇంట్ల వద్దు

అల్లుడా,

నువ్వు ఊర్ల లైబ్రరీ పెడుతున్నవని మీ నాయిన ఫోన్ల చెప్పిండు. కొలువు ఇడిసిపెడుతున్నవేమోనని ముందుగాల గుండె జారింది. శని ఆదివారాలే అన్నంక నిమ్మలమైంది. తర్వాత సంబురం. బ్రాంచి లైబ్రరీల కూసోని రిటైరైనదాన్ని, మనింట్ల ఒక్కడన్న పుస్తకం దిక్కు చూసిండు గదా అని.

ట్యాబులు, వైఫై, ప్రింటరు అని లిస్టు పంపినవ్. అండ్ల బెంచీలు లేవు. పోరలు ఏడ కూసుంటరు?

రిజిస్టరు రాయి. పుస్తకాలకు నంబర్లు వెయ్యి. లైబ్రరీలల్ల పుస్తకాలకు నంబర్లేసే డ్యూయీ లెక్కల తెలుగు సాహిత్యానికి 894.827, సర్వీసంత రాసిన. ఆ నంబరు చూసి పుస్తకం తీసినోడు ఒక్కడు యాదికి లేడు. కథలకు పచ్చచీటి, సైన్సుకు ఎర్రచీటి చాలు. అల్మారాలు గోడకు జానెడు దూరం ఉంచు, చెదలు గోడెంబడే వస్తయ్.

అసలు సంగతి వేరే. మన ముందటి అర్రల పెడుతనన్నవట. వద్దు.

నా చిన్నప్పుడు ఊర్ల ఒక పఠనాలయం ఉండె. పెట్టినాయన మంచోడే. పట్నం పోయినప్పుడల్లా పుస్తకాలు మోసుకొచ్చేటోడు. పెట్టింది తన ఇంటి అరుగు మీద. కిరాయి లేదు, కావలి ఖర్చు లేదు, అచ్చం నీ లెక్కనే. ఎవ్వర్ని రావద్దనలె. పిల్లలందరు రావాలెనని సాటింపు గూడ ఏయించిండు. డప్పు కొట్టినాయన కొడుకు మాత్రం ఆ అరుగెక్కలె. వాకిట్ల నిలబడి, గోడకంటించిన పేపరు మెడ సాచి చదువుతుండె. ఎక్కురా అన్నా ఎక్కకపోయేటోడు. వాళ్ల నాయిన ఏనాడు కూసోని అరుగు మీద వాడెట్ల కూసుంటడు? దూపైతే కుండ లోపలుండె, వానికి పైనుంచి దోసిట్ల పోసేటోళ్లు. మేం ఆడపిల్లలం ఆ అరుగు ముందట తల వంచుకొని పోవుడే, పుస్తకం అడిగింది లేదు. మీ నాయిన తెచ్చిస్తే చదివేది. తండా పిల్లలకైతే లైబ్రరీ ఉన్న సంగతే తెల్వదు.

ఇగ తాళంచెవి. ఆయన మొలతాడుకే ఉండేది. ఆయన పెండ్లికి పోతె లైబ్రరీ బందు. పట్నం కొడుకు దగ్గరికి పోయినంక ఆ తలుపు తీసినోళ్లు లేరు, పుస్తకాలు చెదలపాలైనయ్. ఈ ఊర్ల ఎవనికీ చదువు మీద మనసు లేదని ఆయన చివరిదాంక అన్నడట. ఆ మాటకు నాకిప్పటికీ కోపమొస్తది.

మనిల్లు అట్ల కాదంటవ్. గడప లోపల పుట్టినోనికి ఆ గడప ఎత్తు తెల్వదురా. మీ నాయనమ్మ ఎవరికి ఏ గ్లాసుల చాయ పోసేదో నాకెరుకే, ఊరికీ ఎరుకే. మరిచిపోయిండ్రనుకోకు.

హైదరాబాదుల శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం 1901ల రావిచెట్టు రంగారావు ఇంట్లనే మొదలైంది గదా అని నువ్వు అడుగుతవ్, నీ నోరు నాకు తెల్వదా. మొదలైంది. కానీ ఆడనే ఉండిపోలె, సుల్తాన్‌బజార్ల సొంత బంగ్ల కట్టుకుంది. నిజాం కాలంల సభ పెట్టాలంటే గస్తీ నిషాన్ 53 అనే సర్కారు హుకుం కింద పర్మిషన్ కావాలె. అసుంటప్పుడు నలుగురు కలిసి కూసునే జాగ లైబ్రరీనే. ఎవ్వని ఇల్లూ కాని జాగ కావాలె.

బస్సాగే కాడ పాత పంచాయితి అర్ర ఖాళీగున్నదట, సర్పంచిని అడుగు. దర్వాజ రోడ్డు దిక్కుండాలె. తాళంచెవులు మూడు చేపించు. ఒకటి తండా ఆడపిల్లకియ్యి, ఒకటి మాలమాదిగ వాడల డిగ్రీ చదివినోనికియ్యి. నీ దగ్గర లేకున్నా నష్టం లేదు. నీళ్లకు నల్లా ఉన్న స్టీలు డ్రమ్ము పెట్టు, ఎవరి నీళ్లు వాళ్లే పట్టుకుంటరు. బోరు నీళ్లు మాత్రం పొయ్యకు. నల్లగొండ జిల్లా మర్రిగూడ దిక్కు ఫ్లోరైడుతోని నడుములు వంగినోళ్లను చూసిన కండ్లు నావి. మిషన్ భగీరథ నల్లా నీళ్లే పట్టు.

ట్యాబులకు నేను అడ్డం కాదు. కరోనాకు బడులు బందైనప్పుడు, 2020 సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానళ్లల్ల బడి పాఠాలు పెట్టిండ్రు గదా. అప్పుడు మన దిక్కు ఇంటికొక్క ఫోనుంటే అది కొడుకు చేతుల, బిడ్డె చేతుల చీపురు. అందుకే పేరు రాసుకొని గంటల లెక్కన ఇయ్యి, ఆడపిల్లల వంతు ముందు. పాత తెలుగు పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌ల స్కాన్ చేసి పెట్టినయి మస్తుగున్నయ్, దించి పెట్టు. రీల్స్ చూస్తరని భయపడకు, చూస్తరు. జర సేపు చూసినంక పక్కన బొమ్మల పుస్తకం తెరిచి ఉంటే దాని మీద గూడ చెయ్యేస్తరు.

కానిస్టేబులు, గ్రూపులకు చదివే పోరలు మొదటి రోజు నుంచే వస్తరు. వాళ్లకు పుస్తకాలకంటె ఫ్యాను ముఖ్యం. చిన్నపిల్లల లొల్లికి గునుస్తరు. పొద్దున వాళ్లకియ్యి, బడి ఇడిసినంక పిల్లలకు.

జిల్లా గ్రంథాలయ సంస్థకు దరఖాస్తు పెట్టు. ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు ఉంటది, అడుగుడుకు సిగ్గుపడే పని లేదు. నవంబరు 14 నుంచి వారం రోజులు గ్రంథాలయ వారోత్సవాలు. అప్పుడు మొదలుపెడితే పెద్దసార్లు వస్తరు. కొబ్బరికాయ మాత్రం పిల్లలతోని కొట్టియ్యి.

ఇంకొక్కటి, నవ్వకు. తాళమేసిన అర్రల రాత్రిపూట ట్యాబులు ఛార్జింగుకు పెట్టకు. ఆఖరుకు పోయేటోళ్లు మెయిన్ బందు చేసే పోవాలె. కాయిదాల నడుమ బతికినదాన్ని, వైరు మాడిన వాసనొస్తే ఇప్పటికీ నిద్రల లేచి కూసుంట. చిన్న ఆర్పే సిలిండరు కొను, ప్రింటరు తర్వాత కొనొచ్చు.

ఇంటి సంగతి మీ నాయినతోని నేనే మాట్లాడుత. అర్ర ఇస్తున్నని ఊరంత చెప్పుకున్నడట, నువ్వంటే కొట్లాటైతది. నేనంటే రెండు రోజులు అలుగుతడు, అంతే. నా దగ్గర ఇనుప అల్మారా ఉన్నది, ఒక తలుపు గట్టిగ పడ్తది. ఆదివారం ఆటో మాట్లాడుకొని రా. తినకుండ రా, సర్వపిండి చేస్త.

మీ అత్తమ్మ