లెస్టర్ నుంచి రోజూ ఇరవై మైళ్ళు, ఎల్ ప్లేటుతో ఏ బండి?

"అన్నా, లెస్టర్‌లో ఉంటున్నాను. పని ఈస్ట్ మిడ్‌లాండ్స్ ఎయిర్‌పోర్టు పక్కన వేర్‌హౌస్‌లో. ఇంగ్లండ్ వచ్చి 14 నెలలు, వయసు 23. ఊళ్ళో ఆరేళ్ళు స్ప్లెండర్ నడిపాను. ఇక్కడ బుల్లెట్ కొనుక్కోవచ్చా?"

తమ్ముడూ, ముందు బుల్లెట్ సంగతి తేల్చేద్దాం. ఇప్పుడే కుదరదు. మన ఇండియా లైసెన్సు ఇక్కడ కాపురం పెట్టిన రోజు నుంచి 12 నెలలే చెల్లుతుంది. దాన్ని ఇక్కడి లైసెన్సుగా మార్చివ్వరు కూడా. ఆ గడువు నీకు దాటిపోయింది. ఇక నేర్చుకునేవాళ్ళకిచ్చే ప్రొవిజనల్ లైసెన్సు, దాని మీద సీబీటీ అనే ఒక రోజు శిక్షణ, ముందూ వెనకా ఎల్ ప్లేట్లు. ఆ సీబీటీ కాగితం రెండేళ్ళు చెల్లుతుంది. దానితో 125 సీసీ, 11 కిలోవాట్లు దాటని బండే నడపాలి. వెనక ఎవర్నీ ఎక్కించుకోకూడదు, మోటార్‌వే ఎక్కకూడదు. ఎన్‌ఫీల్డ్ 350ల పవర్ అంతకంటే ఎక్కువ, కాబట్టి దానికి ఏ2 అనే మధ్యరకం బండ్ల లైసెన్సు కావాలి.

మోటార్‌వే లేదంటే నీకు ఎం1 అనే పెద్ద రహదారి లేనట్టే. మిగిలింది ఏ6 రోడ్డు. లఫ్‌బరో మీదుగా కెగ్‌వర్త్ దాకా వెళ్ళి ఎయిర్‌పోర్టు వైపు తిరగాలి. గుంటూరు నుంచి విజయవాడ రోజూ వెళ్ళొచ్చినంత దూరం. మ్యాపులో "మోటార్‌వేలు వద్దు" అని పెట్టుకోకపోతే ఏదో ఒక రాత్రి నిద్రమత్తులో అది నిన్ను ఎం1 ఎక్కించేస్తుంది.

ఈ దారిలో అసలు ఇబ్బంది మౌంట్‌సొరెల్ బైపాస్ దగ్గర. అక్కడ రోడ్డు రెండేసి వరుసలు, కార్లు 70 మైళ్ళ మీద పోతుంటాయి. చిన్న 125కి ఎదురుగాలి తగిలితే 50, 55 దగ్గర ఆగిపోతుంది. ఇక్కడి పెద్ద లారీలకు 56 మైళ్ళ దగ్గర లిమిటర్ బిగించి ఉంటుంది. అంటే లారీకీ నీకూ వేగంలో తేడా ఒకటీ రెండు మైళ్ళే. అది నిన్ను దాటనూ దాటదు, వదలనూ వదలదు, అద్దం నిండా దాని మూతే కనిపిస్తుంటుంది. స్ప్లెండర్ మీద ఆరేళ్ళ అనుభవం అక్కడ అక్కరకు రాదు. మనకు లారీ పక్కనుంచి దూరిపోవడం తెలుసు గానీ, దాని ముందు అదే వేగంతో పది నిమిషాలు నడవడం తెలియదు.

అందుకే 125 అంటే హోండా సీబీ125ఎఫ్ లాంటి సాదా బండి చాలు అని నేను అందరికీ చెప్పను. లఫ్‌బరోలోనే పని అయితే అదే కొనమనేవాణ్ణి. 117 కిలోల బరువు, లీటరుకు 50 కిలోమీటర్లకు పైనే ఇస్తుంది. నీ దారికి మాత్రం అదే 125లో 15 హార్స్‌పవర్, అంటే ఆ 11 కిలోవాట్లు పూర్తిగా ఉన్నది, యమహా ఎంటీ-125 లాంటిది, సెకండ్ హ్యాండ్‌లో చూడు. ముందుకు వంగి కూర్చునే రేసు బండి మాత్రం వద్దు. నా మొదటి బండి అదే. రెండు వారాలకు మణికట్లు వాచి, అన్నం కలుపుకోవడానికి కూడా తిప్పలు పడ్డాను.

కొత్తది కొనకు. ఇది నీకు ఆరేడు నెలల బండి. ఈలోగా థియరీ, ఆ తర్వాత మాడ్యూల్ 1, 2 అనే బండి నడిపే పరీక్షలు పాసైతే ఏ2 చేతికొస్తుంది. 35 కిలోవాట్ల దాకా నడపొచ్చు, ఎం1 కూడా ఎక్కొచ్చు. 24 నిండే దాకా ఆగగలిగితే నేరుగా ఏ హద్దూ లేని లైసెన్సుకే పరీక్ష రాయొచ్చు. నీకు ఏడాదే తేడా, ఆలోచించుకో. బుల్లెట్ మీద మనసు అప్పటికీ పోకపోతే ఎన్‌ఫీల్డ్ 650 తీసుకో, అది ఏ2కి సరిపోతుంది. 350 అయితే 70 మైళ్ళ దగ్గర రొప్పుతుంది.

ఇన్సూరెన్స్‌లో "కమ్యూటింగ్", అంటే రోజూ పనికి వెళ్ళిరావడం, అనే గడి టిక్ చెయ్యి. నాలుగు పౌండ్లు మిగులుతాయని వదిలేస్తే, ప్రమాదమైనప్పుడు వాళ్ళు చెయ్యి దులుపుకోవడానికి అదొక్కటి చాలు. సాయంత్రాలు ఫుడ్ డెలివరీ చేసే ఆలోచన ఉంటే దానికి వేరే పాలసీ. ఇన్సూరెన్స్ లేకుండా దొరికితే 300 పౌండ్ల జరిమానా, లైసెన్సు మీద 6 తప్పు పాయింట్లు, బండి కూడా పట్టుకుపోవచ్చు.

అమ్మ పార్సిల్లో పంపుతానన్న హెల్మెట్ వద్దని చెప్పు. ఐఎస్ఐ ముద్ర ఒక్కటే ఉంటే ఇక్కడ చెల్లదు, ఈసీఈ 22.05 గానీ 22.06 గానీ అనే భద్రతా ముద్ర ఉన్నది చూసుకో. అది ఇక్కడే కొనుక్కో, గట్టి తాళం కూడా. ఇంటి ముందు హ్యాండిల్ లాక్ వేసి వదిలేస్తే తెల్లారేసరికి బండి ఉండదు.

చలికాలం రోడ్ల మీద ఆవకాయ జాడీలో వేసినట్టు ఉప్పు చల్లుతారు. వారానికోసారి గొలుసు కడిగి నూనె పెట్టకపోతే తుప్పు పట్టేస్తుంది. డిసెంబరులో నాలుగింటికే చీకటి. ఉష్ణోగ్రత 3 డిగ్రీల కంటే తగ్గితే నేను బండి తియ్యను, రోడ్డు మీద కంటికి కనపడని మంచు పొర ఉంటుంది. ఆ దారిలో ఎయిర్‌పోర్టు బస్సు రాత్రిపూట కూడా నడుస్తుంది, దాని టైములు ఫోన్‌లో పెట్టుకో.

సీబీటీకి వెళ్ళేటప్పుడు మందపాటి జీన్స్, చీలమండలు కప్పే బూట్లు వేసుకో. చెప్పులేసుకుని వెళ్తే గేటు దగ్గరే వెనక్కి పంపేస్తారు, కట్టిన డబ్బు తిరిగి రాదు.