రెండో కంటి ఆపరేషన్ కోసం ఎఫ్‌డీ వేయాలా?

ప్రశ్న: మాది కొండపి దగ్గర పల్లె. నాకు 46 ఏళ్లు. నిరుడు ఎడమ కంటి నీళ్లు ముక్కులోకి దిగే దారి మూసుకుపోయి డీసీఆర్ (ఆ నీళ్లకు కొత్త దారి వేసే) ఆపరేషన్ చేయించుకున్నాను. ఆ అప్పు ఇంకా 40 వేలుంది, నూటికి రెండు రూపాయల వడ్డీ. ఇప్పుడు పొగాకు డబ్బులొచ్చాయి. కుడి కంటికీ వస్తుందని అందరూ భయపెడుతున్నారు. 50 వేలు ఎఫ్‌డీ వేసి ఉంచమంటారా?

జవాబు: వద్దమ్మా, ముందు అప్పు తీర్చేయండి. 40 వేలకు మీరు నెలకు 800, ఏడాదికి 9,600 వడ్డీ కడుతున్నారు. అదే డబ్బు ఎఫ్‌డీలో వేస్తే ఏడు శాతం లెక్కన వచ్చేది 2,800. వస్తుందో రాదో తెలియని ఆపరేషన్ కోసం ఏటా 6,800 వదులుకోవడం ఎందుకు?

మీ వయసు ఆడవాళ్లలో ఈ ఇబ్బంది ఎక్కువే. రెండు కళ్లకీ వచ్చినవాళ్లూ ఉన్నారు. కానీ ఒక కంటికి వచ్చిందని రెండోదానికి తప్పకుండా రావాలని లేదు. ఊళ్లోవాళ్ల మాటకంటే డాక్టరు పరీక్ష నయం. కింది రెప్ప మూలనున్న సన్నటి రంధ్రంలోంచి మొద్దు సూదితో ఉప్పునీళ్లు పంపుతారు. అవి ధారాళంగా గొంతులోకి దిగి ఉప్పగా తగిలాయా, ఇప్పటికి దారి బాగున్నట్టే. ఈసారి చెకప్‌కి ఒంగోలు వెళ్లినప్పుడు కుడి కంటికీ ఇది చేయమని అడగండి.

మిగిలిన 10 వేలు సేవింగ్స్ ఖాతాలోనే ఉంచండి, కదిలించొద్దు. ముక్కు పక్క కంటి మూల ఎర్రగా వాచి నొప్పి పుడితే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి, పంట డబ్బు వచ్చేదాకా ఆగకూడదు. ఉత్త నీళ్లు కారడమే అయితే ఆపరేషన్‌కు సాధారణంగా వ్యవధి ఉంటుంది.

ఆ వ్యవధిలో కూడబెట్టడానికి, ఇన్నాళ్లూ వడ్డీకి పోయిన ఆ 800నే పోస్టాఫీసు ఆర్డీలో (నెలనెలా కట్టే పొదుపు ఖాతాలో) వేయండి. అయిదేళ్లకు అసలే 48 వేలు. పంట డబ్బు చేతికి రాగానే ఆరు నెలల వాయిదాలు ముందే కట్టేయొచ్చు, మీలాంటి రైతు ఇళ్లకు అది బాగా కుదురుతుంది. 12 వాయిదాలు కట్టాక అవసరమైతే అందులో సగం దాకా అప్పు కూడా ఇస్తారు.

ఆరోగ్య బీమా ఇంటిల్లిపాదికీ తీసుకోండి, కాకపోతే కంటి కోసమే అని కాదు. ముందునుంచీ ఉన్న జబ్బులకు కంపెనీలు 36 నెలల దాకా ఆగమనవచ్చు. ఎడమ కంటి ఆపరేషన్ సంగతి దరఖాస్తులో తప్పకుండా రాయించండి. ఏజెంటు "అదెందుకులే అమ్మా" అన్నా వినొద్దు. దాచిపెట్టారని తేలితే రేపు క్లెయిమ్ ఆపేస్తారు, అప్పుడు మళ్లీ ఆ రెండు రూపాయల వడ్డీ గుమ్మమే ఎక్కాల్సి వస్తుంది.